ఎనభైకి దొరికే బాండు

రేపల్లె పొదుపు సొసైటీ గోడకు అంటించిన ఆస్తి అప్పుల పట్టీని ఒక ముసలాయన గంట నుంచి చదువుతున్నాడు.

లోపల గుమస్తా అజయ్ బాబుకు చిరాకు పుట్టింది. ఆ పట్టీ రాసింది తనే మరి.

"ఏంటండీ, ఏం కావాలి?"

"జనం దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చిన బాండ్లన్నీ దీర్ఘకాలపు అప్పుల్లో చూపించారు బాబూ. గడువేమో ఏడాదే కదా?"

"పేరుకే ఏడాదండి. కోత పండక్కి చర్చికొచ్చినవాళ్లు ఇటొచ్చి ఇంకో ఏడాదికి తిరగరాయించుకుపోతారు. పాతికేళ్లుగా ఒక్కరూ డబ్బు వెనక్కి అడగలేదు."

"అడిగితే?"

అజయ్ బాబు పెన్ను మూత పెట్టాడు.

"మీ లెక్కలో ఏడాదిలోపు తీర్చాల్సిన ప్రతి రూపాయికీ చేతిలో రెండు రూపాయలున్నాయి," అన్నాడు ముసలాయన. "బాండ్లని కూడా అందులోకి మార్చి చూడండి. నలభై పైసలే తేలతాయి. ప్రెసిడెంటు గారికి చెప్పండి. ఇంకా టైముంది."

"మేమిచ్చేది పన్నెండు శాతమండి. బ్యాంకులో ఏడు కూడా రాదు."

"తెనాల్లో మీ వంద రూపాయల బాండు ఎనభైకే అమ్ముతున్నారు. ఎనభై పెట్టి పన్నెండు తీసుకుంటే పదిహేను శాతం. రాబడి పెరిగిందని మురిసిపోకూడదు బాబూ. జనానికి భయం పట్టిందని అర్థం."

అజయ్ బాబుకు ఒళ్లు మండింది.

"మా అమ్మ టీచరుగా రిటైరైతే వచ్చిన నాలుగు లక్షలు ఇందులోనే వేశాను. నాకు తెలీదా? వెళ్లండి, పనుంది."

ముసలాయన పట్టీ వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ ఏడు కోత పండక్కి ముందే తుఫాను వచ్చి చేలు మునిగాయి. బాండ్లు తిరగరాయించుకోవడానికి ఎవరూ రాలేదు. అందరూ డబ్బే అడిగారు. నాలుగో రోజుకు సొసైటీకి తాళం పడింది.

అజయ్ బాబుకు ఏడుపు కూడా రాలేదు. రెండు రోజులు గోడకేసి చూస్తూ కూర్చుని, మూడో రోజు తల్లి సరోజకు చెప్పాడు.

"నా బాండు ఎప్పుడో అమ్మేశాన్రా," అందామె. "నీకు చెబితే అరుస్తావని చెప్పలేదు. ఎవరో బాపట్లాయన ఇంటికొచ్చి అడిగాడు. నాలుగు లక్షలూ ఇచ్చి, బాండు వెనకాల సంతకం పెట్టించుకుని పోయాడు."

ఎవడో ఆశపోతు ఇరుక్కున్నాడనుకున్నాడు అజయ్ బాబు. సంతోషించాలని కూడా తోచలేదు.

మిగిలిన ఆస్తులు పంచడానికి తర్వాతి నెలలో ఒక అధికారి వచ్చాడు. బాండ్లు తీసుకుని పేర్లు రాసుకునే పని అజయ్ బాబుకే పడింది. రూపాయికి ముప్పై పైసలు వస్తే గొప్ప.

బాపట్ల నుంచి వచ్చిన జెస్సీ అనే ఆమె ముప్పై ఒక్క బాండ్లు బల్లమీద పెట్టింది.

"మా నాన్న బర్నబాస్ గారివండి. పోయిన నెల చనిపోయారు."

ఒక బాండు వెనకాల సరోజ సంతకం ఉంది.

"ఎనభైకి దొరుకుతుంటే వంద పెట్టి కొన్నారేంటండి?"

"అన్నీ పింఛను మీద బతికేవాళ్లవేనండి. ముందు ఇక్కడికొచ్చి మీకు చెప్పి చూశారంట. మీరు వినలేదని ఇంటి స్థలం అమ్మి కొన్నారు."

అజయ్ బాబు తల్లి సంతకం మీద వేలు పెట్టాడు.

"మునుగుతుందని తెలిసి కూడానా?"

"ఈ సొసైటీ పెట్టినప్పుడు మొదటి గుమస్తా ఆయనేనండి," అంది జెస్సీ, "ఎలాగూ తిరగరాయించుకుంటారు కదా అని బాండ్లని దీర్ఘకాలపు అప్పుల్లో మొట్టమొదట రాసింది కూడా ఆయనే."