మసూదా సమాధి

"మసూదా ఏదక్కా?" గేటు బయటినుంచే అడిగాడు అల్లాల్.

"చచ్చిపోయింది" అంది ఇజ్జా.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. మసూదా చావడమేమిటి, వెనక షెడ్డులో నిక్షేపంలా గడ్డి నములుతోంది. కానీ ఊళ్ళో ఎరిగున్న అల్లాల్ మొహం చూడగానే ఇజ్జా గేటు గడియ గట్టిగా పట్టుకుంది. ఆ కంచరగాడిద ఇతనిదే. ఫెజ్ నగరం పాతబస్తీ సందుల్లో దానిచేత పచ్చితోళ్ళ మోపులు మోయించి మోయించి, చివరికి అది మోకాళ్ళు చిట్లి కూలబడితే అక్కడే వదిలేసి పోయిన మహానుభావుడు. ఇప్పుడది కోలుకుని నున్నగా తయారైందని ఎవరో చెవిన వేసుంటారు. తోలుకుపోవడానికి కాకపోతే ఈయన ఇక్కడికెందుకొస్తాడు?

ఆమె ఇవ్వదు. చచ్చినా ఇవ్వదు. భర్త పోయాక, యాభైకి దగ్గరపడిన వయసులో, గిన్నెలు కడిగే పనైనా చాలనుకుంటూ ఈ పశువుల ఆశ్రయానికి వచ్చిన మనిషి ఇజ్జా. ఆమె వచ్చిన రోజే మసూదాను బండి మీద తెచ్చి దించారు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం అన్నీ దాని మీదే నేర్చుకుంది. అది లేచి నిలబడ్డాకే ఆమెకీ మళ్ళీ ఆకలి పుట్టింది, నవ్వు వచ్చింది.

"చచ్చిపోయిందా? ఎప్పుడు?" అల్లాల్ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు.

"చలికాలంలో. నువ్వు చేసిన నిర్వాకానికి నూరేళ్ళు బతుకుతుందనుకున్నావా?"

అతను తన పొడవాటి జెల్లాబా అంగీ చేతి అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"హజ్ యాత్రకి వెళ్తున్నానక్కా. బయల్దేరేలోగా బాధపెట్టిన వాళ్ళందర్నీ క్షమాపణ అడగాలి కదా. వీధిలో వాళ్ళయ్యారు, తోళ్ళు పదును చేసే వాళ్ళయ్యారు, నాతో మాటల్లేని మా బావమరిదిని కూడా అడిగేశాను. ఇదొక్కటే మిగిలింది."

ఇజ్జాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. హజ్‌కి వెళ్ళేవాడు గుమ్మంలోకి వచ్చి క్షమించమంటే పగవాడైనా కాదనడు. అలాంటి మనిషిని గేటు బయట నిలబెట్టి, బతికున్న జీవిని చచ్చిందని చెప్పింది తను. నా నోరు పడిపోనూ, అని తిట్టుకుంది. ఇప్పుడు నిజం చెబుదామంటే నాలుక తిరగడం లేదు.

"దాని తరఫున నేను క్షమించేశాలే అన్నా. టీ తాగి వెళ్ళు" అంది తొందరగా, గడియ తీస్తూ.

"నువ్వెవరక్కా క్షమించడానికి? నీ వీపు మీద మోయించానా ఏంటి?"

"మోయించకపోతేనేం, మోకాళ్ళు కడిగింది నేను!"

"కడిగావు, కాదన్లేదు. కానీ దెబ్బలు తిన్నది అది. ఎక్కడ పూడ్చారో చూపించు, అక్కడే అడుక్కుని పోతా."

యా రబ్బీ, ఇదెక్కడి గొడవ! షెడ్డు పక్కన ఒక ముసలి గాడిదను పూడ్చిన మట్టిదిబ్బ ఉంది. ఇజ్జా దాన్నే చూపించింది.

అల్లాల్ చెప్పులు విడిచి దిబ్బ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మసూదా, తప్పయిపోయింది, క్షమించు" అన్నాడు, ఏదో అనాలి కాబట్టి అన్నట్టు. తర్వాత చేత్తో మట్టిని నిమిరాడు. ఇక అక్కణ్ణించి గొంతు మారిపోయింది.

"నీ మోకాలు వాచిందని నాకు తెలుసే. తెలిసే ఆ రోజు ఇంకో మోపు వేశాను. తప్పుకోండి, తప్పుకోండి అని ఊరందరి మీదా అరిచాను గానీ, నిన్ను ఒక్క నిమిషం ఆగమన్లేదు. పడిపోతే కర్రతో పొడిచాను. లేవలేదని తిట్టి పోయాను. నా పిల్లలు తిన్న రొట్టె నీ వీపు మీద వచ్చిందే, మసూదా!"

భోరుమన్నాడు. తలపాగా జారి మట్టిలో పడినా చూసుకోలేదు.

ఇజ్జా తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుంది. ఎంత పాపం చేస్తున్నాను! యాత్రకి పోయే మనిషిని, ఎవరిదో గాడిద గోరీ ముందు ఇలా ఏడిపిస్తున్నాను. తోలుకుపోతే పోనీ, ఈ బరువు మాత్రం నా వల్ల కాదు అనుకుంది. "అన్నా..." అని నోరు తెరిచింది.

అల్లాల్ వినలేదు. ఏడుస్తూ ఏడుస్తూనే, అలవాటు కొద్దీ నాలుక అంగిట్లో టకటకలాడించి "అర్రా మసూదా, అర్రా" అన్నాడు. రోజూ పొద్దున్నే దాన్ని పనికి లేపిన పిలుపు అది.

షెడ్డులోంచి జవాబు వచ్చింది. సకిలింపుతో మొదలై ఓండ్రతో ముగిసే కూత.

అల్లాల్ ఏడుపు టక్కున ఆగింది. షెడ్డు వైపు చూశాడు, దిబ్బ వైపు చూశాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు. లేచి, తలపాగా దులుపుకుని, గేటు వైపు నడిచాడు. ఇజ్జా వెనకే పరుగెత్తింది.

"అన్నా, ఆగన్నా! పాపిష్టిదాన్ని. దాన్ని ఎక్కడ తోలుకుపోతావోనని భయపడి అబద్ధమాడాను. హజ్‌కి వెళ్ళేవాడివి, క్షమించానని ఒక్క మాట అని వెళ్ళు. లేకపోతే నాకు తిండి సయించదు, నిద్ర పట్టదు."

అల్లాల్ జెల్లాబా లోపలికి చెయ్యి పెట్టి, కొత్త పగ్గం ఒకటి బయటికి తీసి, గేటు కొక్కేనికి తగిలించాడు.

"హజ్ లేదు, ఏమీ లేదక్కా" అన్నాడు తల దించుకుని. "చచ్చిందన్న నీ మాట నమ్మక, లోపలికి రానిస్తావని అలా అన్నాను. దాన్ని తోలుకుపోదామనే వచ్చాను."