రెండో వరుసలో నేను

గ్రూప్ ఫొటో రోజు నేను స్కూలు ఎగ్గొట్టాను. స్కూలు మ్యాగజైన్‌లో నేను కనిపించకపోతే అమ్మ నా వీపు విమానం మోత మోగిస్తుంది. ఫొటోని ప్రింటుకి రెడీ చేసే పని నాదే కాబట్టి, వీడియోలు చూసి ఎడిటింగ్ నేర్చుకుని, రెండో వరుసలో నన్ను నేనే అతికించుకున్నాను.

ప్రెస్‌కి పంపే ముందు క్లాస్ టీచర్ ఫొటోని జూమ్ చేసి చూశారు.

"అందరి నీడా ఎడమకి పడితే, నీదొక్కటే కుడికేంటే?"

నేను చేతులు జోడించాను.

"మేడమ్, ప్లీజ్... అమ్మకి చెప్పకండి."

టీచర్ లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

"చెప్పనులే. ఆ రోజు నేనూ డుమ్మానే. ముందు వరుసలో ఖాళీ కుర్చీ ఉందిగా, అందులో నన్ను కూర్చోబెట్టు. ఇదిగో నా ఫొటో. భుజం మీద మా ఆయన చెయ్యుంది, అది మాత్రం తీసెయ్ తల్లీ."