పదకొండు ఎర్రదారాలు

మధ్యాహ్నం రెండూ పది. నలభై మూడు డిగ్రీల ఎండ. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

పరిశోధనా క్షేత్రంలో, ఆరడుగుల కంచె లోపల, ఎవరో ముసలాయన జొన్న మొక్కలకు ఎర్రదారాలు కడుతున్నాడు.

పరిశోధకురాలు పరుగున వచ్చింది.

అవి కవల వంగడాలు. ఒక్క జన్యువు మినహా అన్నిటా ఒకటే. నీరందనప్పుడు ఒకటి ఎండిపోతుంది, రెండోది పచ్చగా నిలుస్తుంది. ఆ పచ్చదనం ఆ ఒక్క జన్యువు వల్లనేనని తేల్చడానికి ఆమె ఐదేళ్లు ధారపోసింది. విత్తనం కల్తీ అయితే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

నిరుడు పక్క క్షేత్రంలో దొంగలు కూడా ముందు మొక్కలకు గుర్తులే పెట్టారు.

"ఎవరు నువ్వు? లోపలికెలా వచ్చావ్?"

"గేటు తీసే ఉందమ్మా. నీ కవలల్లో పరాయి పిల్లలు కలిశారు. పదకొండు. పుప్పొడి రాలకముందే పీకించెయ్యి తల్లీ."

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా!"

"కన్నవాళ్లకి కవలలు ఒక్కలా ఉంటారా?"

"ఇది పరిశోధన. సోది చెప్పుకునే చోటు కాదు." ఆమె గేటు వైపు తిరిగింది. "వాచ్‌మన్!"

"పద తాతా, పద. ఎండ నెత్తికెక్కినట్టుంది," అన్నాడు వాచ్‌మన్.

గేటు దగ్గర ముసలాయన వెనక్కి తిరిగాడు.

"రేపు పొద్దున్నే పీకించకపోతే చాలా నష్టపోతావమ్మా."

ఆ మాట ఆమెకు బెదిరింపులా వినిపించింది.

కనబడిన దారాలన్నీ తానే కత్తిరించింది. కాపలా రెట్టింపు చేయించింది. అడుగుల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది.

ఎవరూ రాలేదు. పుప్పొడి మాత్రం గాలికి రాలింది.

మరుసటి పంటలో పచ్చగా ఉండవలసిన వరుసలు సగానికి సగం ఎండిపోయాయి. పాత పంటలో ఒక మొక్కకు మాత్రం, ఆమె కంటపడని దారం కోతనాటికీ మిగిలే ఉంది; దాని కంకిని విడిగా దాచింది. ఇప్పుడు పరీక్షిస్తే అది పరాయిదే.

అసలు విత్తనం కోసం పరిశోధనా కేంద్రం పాత విత్తన గిడ్డంగికి పరుగెత్తింది. గుమాస్తా ఆ కవలలను పుట్టించిన నాటి రిజిస్టరు తెరిచాడు. పేజీ పేజీకీ ఒక ఎర్రదారం ముక్క, పక్కన ఒకటే వేలిముద్ర.

"ఈయన ఎక్కడుంటాడండీ?"

"పోయిన నెలే పోయాడమ్మా. ఓపికున్నన్నాళ్లూ 'పిల్లల్ని చూసొస్తా' అని మీ పొలం కంచెదాకా వెళ్లేవాడు."

ఆమె ఐదేళ్ల పని పదకొండేళ్లకు పూర్తయింది. ఆ ఏడు విడుదలైన వంగడం పత్రంలో, సృష్టించినవారు అన్న గడిలో, పద్నాలుగేళ్లు పువ్వు పువ్వునూ చేత్తో సంకరపరచి ఆ కవలలను పుట్టించిన దినసరి కూలీ వేలిముద్రను ఆమె పాత రిజిస్టరు నుంచి తీసి వేయించింది.