పాలతొట్టిలో పీట

మెదడు జబ్బుల మీద పరిశోధన చేసే గదిలో రెండు ఎలుకలుండేవి. చుక్కమ్మకి జ్ఞాపకశక్తి ఎక్కువ. బూడిదయ్యకి మెదడులో నరాల అతుకులు వదులైపోయే జబ్బు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండేది కాదు.

రోజూ ఇద్దరినీ పాలు కలిపిన నీళ్ల తొట్టిలో వదిలేవారు. ఆ తెల్లటి నీళ్ల కింద కంటికి కనబడకుండా, ఎక్కి నిలబడి ఊపిరి తీసుకోడానికి ఒక పీట ఉండేది. చుక్కమ్మ సూటిగా వెళ్లి ఎక్కేసేది. "రోజూ కొత్తగా వెతకడానికి విసుగుండదా అన్నా" అని ఎగతాళి చేసేది.

ఒకరోజు పీటని అవతలి వైపుకి మార్చారు. చుక్కమ్మ పాత చోటు వదల్లేదు. "ఇక్కడే ఉండాలి, నాకు బాగా గుర్తు" అంటూ అక్కడక్కడే తిరిగి, కాళ్లు అలిసిపోయి నీళ్లు మింగసాగింది.

ఎప్పట్లాగే తొట్టంతా వెతుకుతున్న బూడిదయ్య కాలికి పీట తగిలింది. "ఇటు రా చెల్లీ, ఇక్కడుంది" అని కేకేశాడు. చుక్కమ్మ ఎలాగో వచ్చి అతని పక్కన కూలబడింది.

మర్నాడు తొట్టిని చూడగానే బూడిదయ్య వణికిపోయాడు.

"నిన్న ఈ నీళ్లలోనే కదన్నా నన్ను బతికించావు. ఇంకా భయమేంటి" అంది చుక్కమ్మ.

"అలాగా" అని బూడిదయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నాకు ఈత వచ్చన్నమాట."