పండక్కి ఉండే పిల్ల

"పండక్కి ఊరెళ్లని పిల్ల దొరికితేనే నువ్వు ఊరెళ్లేది," అంది సాలమక్క రొకియాతో, వ్యాను సరిహద్దు వంతెన దగ్గర ఆగీ ఆగకముందే. "దొరక్కపోతే ఈసారీ గరిటె నీదే."

మలేషియాలోని తెరెంగానులో సాలమక్క నడిపే, టోమ్‌యామ్ అనే థాయ్ పులుసు అమ్మే హోటల్లో వంటమనిషి రొకియా. అక్కడ పనిచేసే, వంతెన అవతల థాయ్‌లాండ్‌లో ఉన్న గోలోక్ ఊరి ఆడవాళ్లందరిలాగే నెలకోసారి వంతెన దాటాలి. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, సొంతగడ్డ మీద కాసేపు బజారు చేసి, మళ్లీ ఇవతలికొచ్చి ఇంకో ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ప్రకారం ఆవిడ మలేషియాకి చుట్టపుచూపుగా వచ్చినట్టు. నెలంతా ఉల్లిపాయలు తరిగే చుట్టం.

ఒక్కగానొక్క కూతురు సునైనీ గోలోక్‌లో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. నెలకోసారి బజార్లో కనబడుతుంది గానీ, రంజాన్ పండగపూట మాత్రం కొన్నేళ్లుగా ఫోన్లోనే. ఆ పిల్ల పాదం ఈ వంతెన ఇవతల పడకూడదనే రొకియా ఇక్కడ పొయ్యి ముందు నిలబడింది. పండక్కి ఇంకో వారముంది. ఈసారి చెప్పాపెట్టకుండా వెళ్లి గుమ్మంలో నిలబడాలని ఆవిడ ఆశ.

మనుషుల్ని కుదిర్చే యూసో ఫోన్ చేశాడు. ఉపవాసంతో నోరెండిపోతోందని సాలమక్క ఫోన్ రొకియా చేతికిచ్చింది. పిల్ల ఉంది, పద్దెనిమిది నిండాయి, పాస్‌పోర్టు మొన్ననే వచ్చింది, ఇంట్లోవాళ్లే తెచ్చి అప్పగించారు అన్నాడు యూసో. పండక్కి ఉంటుందా అని రొకియా గుచ్చి గుచ్చి అడిగింది. ఉంటానని తనే అంటోందట.

"పండగ ముందు పిల్లని పనికి తోలేశారంటే వాళ్లేం మనుషులయ్యా," అంది రొకియా. ఆ వెంటనే, "సరే, తీసుకురా," అంది.

పేరు అడగలేదు. వాళ్ల హోటల్లో మొదటి నెల ముద్ర పడేదాకా ఎవరినీ పేరుపెట్టి పిలవరు. కొత్తపిల్ల, అంతే. ముద్ర కోసం వంతెన దాటినవాళ్లలో సగం మంది తిరిగిరారు. పేరు నేర్చుకోవడం దండగ.

ఫోన్ తిరిగి ఇస్తూ రొకియా ఒక సలహా కూడా ఇచ్చింది.

"పండగ దాటేదాకా దాని పాస్‌పోర్టు మీ సంచీలోనే ఉంచండక్కా. లేకపోతే ముందురోజు జారుకుంటుంది."

"నీకెలా తెలుసు?"

"నేను జారుకోబోయాను కదా."

సాలమక్క నవ్వి, సెలవు ఖాయం అంది.

గోలోక్ బజార్లో ఎండుచేపల కొట్టు దగ్గర, ఎప్పటిలాగే, రొకియా తల్లి గొడుగేసుకుని నిలబడి ఉంది. పక్కన పిల్ల లేదు. పరీక్షలంది ముసలమ్మ. రొకియాకి మనసు చివుక్కుమంది గానీ, వారంలో ఎలాగూ చూస్తాను కదా అనుకుంది. ఎర్ర చెప్పుల జత ఒకటి తన కాలికి తొడిగి చూసుకుని కొంది. తల్లీకూతుళ్లవి ఒకే కొలత పాదాలు.

"ఇది దానికివ్వమ్మా," అంది.

ముసలమ్మ సంచీ అందుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. నీ చేత్తో నువ్వే ఇచ్చుకో."

"పండక్కి నేను రానుగా," అంది రొకియా, నవ్వు దాచుకుంటూ.

"రావని తెలుసులే," అంది ముసలమ్మ. ఆవిడ కూడా ఎందుకో నవ్వు దాచుకుంటున్నట్టే ఉంది.

రెండో ముద్ర వేయించుకుని రొకియా వ్యాను దగ్గరికొచ్చేసరికి సరుకంతా ఎక్కించేశారు. వెనక సీట్లో ఎండుమిరప బస్తాల మధ్య కొత్తపిల్ల ముడుచుకుని ఉంది. మొహానికి మాస్కు, కళ్ల మీదికి లాక్కున్న ముసుగు. నిద్రపోతోందో, నటిస్తోందో. రొకియా అటు చూడదలచుకోలేదు. చూస్తే జాలేస్తుంది. జాలేస్తే సెలవు పోతుంది.

వ్యాను కదిలింది. కొత్తపిల్ల పాస్‌పోర్టు పెట్టిన చేతిసంచీని ఒళ్లో పెట్టుకుని, సాలమక్క ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"దాని కాళ్లు చూశావా? అరిగిపోయిన రబ్బరు చెప్పులు. మన వంటింటి తడిలో జారిపడితే పండక్కి మళ్లీ నువ్వే. ఆ సంచీలో కొత్తవేవో ఉన్నాయిగా, ఇచ్చెయ్."

రొకియా సంచీని ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది. అవి తన కూతురివని చెప్పింది.

"కూతురికి ఊళ్లో ఇంకో జత కొను. ఊరికి పంపిస్తున్నది ఈ పిల్లే కదా నిన్ను."

ఆ మాటా నిజమే అనిపించింది. రొకియా ముందుకే చూస్తూ, చెప్పుల జతని సీటు మీదుగా వెనక్కి చాపింది. ఒక చెయ్యి వచ్చి మెల్లగా అందుకుంది.

"తొడుక్కో. బిగుతైతే సర్దుకుపో," అంది రొకియా, వంటింటి గొంతుతో. "పాస్‌పోర్టు అక్క దగ్గరుంది. పండగపూట ఇంటికెళ్తానని ఏడిస్తే ఊరుకునేవాళ్లెవరూ లేరక్కడ."

వెనక బస్తాలు కదిలాయి. మాస్కు తీసిన గొంతు, నవ్వాపుకుంటూ, రొకియా చెవి పక్కనే వినిపించింది.

"సరిగ్గా సరిపోయాయమ్మా. ఏడుపెందుకు, ఈ పండగ నీతోనేగా."