కయోటీకి ఏ తూటా మంచిది?

ఎల్డన్ కుక్కని ఎత్తుకురావడానికి వెర్లిన్ వేసిన ఎత్తు చాలా చిన్నది. ఎల్డన్ తూటాల కొట్లోకి తాను ముందు గుమ్మంలోంచి వెళ్ళి బేరం మొదలెడతాడు. ఈలోపు బామ్మర్ది టక్కర్ వెనక పెరట్లో దూరి కుక్కని పట్టుకొచ్చి పికప్ ట్రక్కులో పడేస్తాడు. అంతే.

"అంతసేపు వాణ్ణి మాటల్లో పెట్టగలవా బావా?" బండి ఆపుతూ అడిగాడు టక్కర్.

"ఎల్డన్‌నా? 'తూటా' అన్న ముక్క వాడి చెవిన పడితే చాలురా. తర్వాత ఆపడానికే మనుషులు కావాలి. కుక్క చేతికి చిక్కాక హారన్ కొట్టు. నేను వచ్చేస్తా."

శనివారం కయోటీల వేట పందెం. కయోటీ అంటే నక్కకి ఎక్కువ, తోడేలుకి తక్కువ. గొర్రెలు ఈనే రోజుల్లో మాత్రం దాన్ని పులి కిందే లెక్కేస్తారు అమెరికాలోని వయోమింగ్ కాపరులు. ప్రతి ఏడూ పందెం ఎల్డన్ గెలుస్తాడు. ప్రతి ఏడూ వెర్లిన్ రెండోవాడిగా నిలబడి చప్పట్లు కొడతాడు.

గురిలో తేడా ఏమీ లేదని వెర్లిన్ గట్టి నమ్మకం. తేడా అంతా కుక్కలోనే. ఎల్డన్ కుక్క పెప్పర్ పొదల్లోకి వెళ్ళి కయోటీలని రెచ్చగొట్టి, తన వెంటపడేలా చేసుకుని, తిన్నగా యజమాని తుపాకీ ముందుకి లాక్కొస్తుంది. ఆ విద్య వెర్లిన్ కుక్క బిస్కెట్‌కీ వచ్చు. ఆ చుట్టుపక్కల ఇంకే కుక్కకీ రాదు. అంచేత పెప్పర్ ఒక్కటి అడ్డు తొలగితే ఈ ఏడు కప్పు వెర్లిన్‌దే.

"దొంగతనం అనకు. పందెం అయ్యాక ఆదివారం తెచ్చి వదిలేస్తాంగా," అని బామ్మర్దికి ముందే సర్దిచెప్పాడు.

కొట్లో ఎల్డన్ కాఫీ తాగుతున్నాడు.

"ఏమోయ్ వెర్లిన్! గాలికి కొట్టుకొచ్చావా?"

"కయోటీలకి ఏ తూటా మంచిదో తేల్చుకోలేక చస్తున్నానోయ్..."

ఎల్డన్ కాఫీ కప్పు పక్కన పెట్టి స్టూలు ముందుకి తోశాడు. "కూర్చో. నిలబడి మాట్లాడుకునే సంగతి కాదిది."

వెర్లిన్ మనసులోనే నవ్వుకున్నాడు.

"టూ ట్వంటీ త్రీ సైజు తూటా ఉందనుకో," అందుకున్నాడు ఎల్డన్. "బుజ్జిముండ. భుజం నొప్పెట్టదు. కానీ మన గాలి సంగతి తెలుసుగా? ఇక్కడ కాలిస్తే పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో ఎవరికో తగుల్తుంది. టూ ఫార్టీ త్రీ బరువైంది, గాలిని లెక్క చెయ్యదు. కానీ చర్మం? అమ్ముకునే చర్మంలో పిడికిలి పట్టేంత చిల్లు! ఇక ట్వంటీ టూ టూ ఫిఫ్టీ అంటావా..."

"అనను..." అనబోయి, పని గుర్తొచ్చి, "అంటానంటాను! చెప్పు, చెప్పు," అన్నాడు వెర్లిన్.

చెప్పాడు. పెట్టెలన్నీ దించి బల్ల మీద వరసగా పేర్చి మరీ చెప్పాడు.

బయట హారన్ మోగింది.

వెర్లిన్ ఒక్క ఉదుటున లేచాడు. "భలే చెప్పావోయ్. అన్నీ తెలిసిపోయాయి. వస్తా."

"ఏం తెలిసింది నీ మొహం! తూటా మొన సంగతి ఇంకా ఎత్తనేలేదు." ఎల్డన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "మొన పలచగా ఉంటే లోపలే పగిలిపోతుంది, అవతలి వైపు చిల్లు పడదు..."

మళ్ళీ హారన్. ఈసారి పొడుగ్గా.

"మా బామ్మర్ది పిలుస్తున్నాడు..."

"పిలవనీ. బామ్మర్దులు ఉన్నదే అందుకు. ఇది పట్టుకు చూడు, బరువు తెలుస్తుంది."

అంతలో వీధిలోంచి పెప్పర్ మొరుగు వినిపించింది. అది ఎల్డన్‌కి వినపడకుండా వెర్లిన్ ఖళ్ళుఖళ్ళుమని దగ్గడం మొదలెట్టాడు. కుక్క ఎంత గట్టిగా మొరిగితే ఇతను అంత గట్టిగా దగ్గాడు.

"అయ్యో, ఊపిరితిత్తులు చూపించుకోవోయ్," అని ఎల్డన్ మంచినీళ్ళిచ్చి, గాలివాటు గురించి మళ్ళీ మొదటికొచ్చాడు.

మాటల్లో పెట్టడానికి వచ్చినవాడు మాటల్లో ఇరుక్కుపోయాడు. ఒకసారి లేచాడు, ఎల్డన్ కూర్చోబెట్టాడు. తలుపుదాకా నడిచాడు, ఎల్డన్ అడ్డంపడి ఇంకో పెట్టె చేతిలో పెట్టాడు. ఇంటికెళ్తే చాలు, కప్పూ వద్దు, ఏమీ వద్దనిపించింది వెర్లిన్‌కి.

అప్పుడు ఎల్డన్ జేబులో ఫోన్ కుయ్‌మంది. తీసి చూసుకుని టక్కున లేచాడు.

"సరే, ఏదో ఒకటి పట్టుకుపో. తూటాలన్నీ ఒకటేలే."

ఆ మాటకి ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు వెర్లిన్‌కి. చేతికందిన పెట్టె తీసుకుని పికప్‌లోకి ఉరికాడు.

"ఇంతసేపేంటి బావా! నా శాండ్‌విచ్ తినేసింది, నీ శాండ్‌విచ్ తినేసింది, ఇప్పుడు నా టోపీ నములుతోంది!" టక్కర్ ఏడుపు మొహంతో బండి ఉరికించాడు. వెనక సీట్లో పెప్పర్ హాయిగా తోకాడించింది.

దారి పొడుగునా వెర్లిన్‌కి నవ్వు ఆగలేదు. ఎల్డన్ మాటతీరు అనుకరించి చూపిస్తే టక్కర్ కూడా నవ్వాడు. గెలిచాక కప్పు ఎక్కడ పెట్టాలో కూడా తేల్చేసుకున్నారు.

ఇంటి వరండాలో వెర్లిన్ తల్లి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆవిడకి హాయ్ చెప్పి, పెప్పర్‌ని సంకనేసుకుని వెనక కుక్కల దొడ్డికి వెళ్ళాడు వెర్లిన్. వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు.

"అమ్మా! మన బిస్కెట్ ఏదే?"

"ఎల్డన్ పెళ్ళాం తీసుకెళ్ళిందిరా, ఆదివారం తెచ్చి దింపేస్తుందిట," అంది పెద్దావిడ చెక్కు తీస్తూనే. "మావాడొచ్చేదాకా ఆగవే అంటే, 'నేను ఫోన్ చేసేదాకా మా ఆయన మీవాణ్ణి తూటాల కబుర్లతో కొట్లోంచి కదలనివ్వడు అత్తా' అంది."