దాచుకున్న ముఖాలు

“ఎడమ వైపు చూసి ఉలిక్కిపడండమ్మా. ఆఁ, కట్! ఇప్పుడు కుడి వైపు చూసి ఏడవండి.”

సీరియల్లో అత్తగారి వేషం వేసే ఆవిడ ఏడ్చింది. ఎదురుగా ఖాళీ కుర్చీ తప్ప ఎవరూ లేరు.

“ఎవరు పోయారని ఏడుస్తున్నాను నాయనా?”

“ఎవరైనా పోవచ్చమ్మా. ఇలా తీసిపెట్టుకున్న ముఖాలు దగ్గరుంటే తర్వాత ఏ సీన్లోనైనా అతికించుకుంటాం,” అన్నాడు డైరెక్టరు.

“అతికించుకుంటే మరి నేనెప్పుడు రావాలి?”

అతను స్క్రిప్టులోకి తల దూర్చాడు. “ఖర్చు తగ్గించమని చానెల్‌వాళ్లు పీక మీద కూర్చున్నారమ్మా. మీ పాత్రను మాత్రం చంపను.”

ఆవిడకు అప్పుడర్థమైంది. పొద్దుటినుంచి నవ్వి, ఏడ్చి, కోప్పడి, తన నోటి దగ్గర కూడు తానే తీసి వాళ్ల చేతిలో పెట్టింది. అత్తగారు ఇంటింటా బతికే ఉంటుంది. రేపటినుంచి పని లేనిది తనకే.

“ఈ సీరియల్ నీకివ్వమని చానెల్‌వాళ్ల కాళ్లావేళ్లా పడింది నేను కదరా!”

ఆవిడ రెప్ప వేయకుండా అతని వంకే చూసింది. అతను కట్ చెప్పడం మరిచిపోయాడు.

“అబ్బ, ఏం చూపమ్మా!” అన్నాడు కెమెరామన్. “మాట తీసేస్తే, కోడలిని శపించే సీనుకి సరిగ్గా సరిపోతుంది. ఉంచమంటారా సార్?”

డైరెక్టరు తల ఎత్తలేదు.

“ఉంచు,” అన్నాడు.